సెమీకోలన్ లేని చదువూ ఒక చదువేనా?

ప్రోగ్రామింగ్ విద్యకు ఘోర అపచారం జరిగిపోయింది. పూర్వం కొత్తగా చేరినవాడు ఏ వరుస చివర సెమీకోలన్ (;) మరిచాడో వెతుక్కుంటూ కళ్లు కాయలు కాయించుకునేవాడు. దానివల్ల వినయం అబ్బేది. 2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్, టైపు చెయ్యకుండా బ్లాకులను ఒకదానికొకటి అతికించి ప్రోగ్రాం రాసే స్క్రాచ్‌ను జనంలోకి వదిలాక ఆ భాగ్యం పోయింది. పొసగని బ్లాకు అసలు అతుక్కోనే అతుక్కోదు. ఇక శిష్యుడు దేనికని ఏడవాలి?

పెద్దలు కంగారు పడనక్కర్లేదు. ఏడవడానికి అందులో తగిన ఏర్పాట్లున్నాయి.

బొమ్మను గెంతించడమే తీసుకోండి. స్పేస్ నొక్కితే వై విలువ (బొమ్మ ఎత్తు) 50 పెరగాలని బ్లాకు పెడతాడు. బొమ్మ పైకెగిరి అక్కడే వేలాడుతుంది. దాన్ని దింపాలంటే 'వేగం' అని ఒక వేరియబుల్, అంటే అంకెను దాచుకునే డబ్బా, కావాలి. ఫ్రేముకొకసారి, అంటే తెరను మళ్లీ గీసిన ప్రతిసారీ, అందులోంచి 1 తగ్గించి, మిగిలినదాన్ని వైకి కలపాలి. నేల తగిలితే వేగాన్ని సున్నా చెయ్యాలి. అప్పటికే బొమ్మ మోకాళ్ల దాకా నేలలో దిగబడి ఉంటుంది, ఎందుకంటే చివరి ఫ్రేములో అది ఒక్కసారిగా బోలెడు అడుగులు (స్క్రాచ్‌లో దూరానికి కొలత) పడింది. కనుక నేల తగలడం మానేదాకా ఒక్కో అడుగే పైకి లాగాలి. ఒక్క వరుస కోడ్ టైపు చెయ్యకుండానే గురుత్వాకర్షణ వచ్చేసింది. ఇదేం చదువండీ!

అసలు వినోదం క్లోన్లది, అంటే ఆట నడుస్తుండగా పుట్టే బొమ్మ నకళ్లది. తుపాకీ ఆటలో స్పేస్ నొక్కినప్పుడల్లా తూటా బొమ్మ తన క్లోన్‌ను తానే పుట్టించాలని రాస్తాడు. ఆ మీట నొక్కుడు క్లోన్లకూ వినిపిస్తుంది, అవీ పిల్లల్ని పెడతాయి. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది... తొమ్మిదో నొక్కుకు స్క్రాచ్ పెట్టిన 300 క్లోన్ల హద్దు తగిలి ఆగుతుంది. దీనికి మందు, 'క్లోనేనా?' అనే వేరియబుల్. పచ్చజెండా నొక్కి ఆట మొదలుపెడితే 0, క్లోన్‌గా మొదలైతే 1, విలువ 0 ఉంటేనే పుట్టించడం. అయితే దాన్ని 'ఈ స్ప్రైట్‌కు (బొమ్మకు) మాత్రమే' అని కాక 'అన్ని స్ప్రైట్లకూ' అని సృష్టించాడో, మొదటి తూటాతోనే తుపాకీ మూగబోతుంది. క్లోన్ రాసిన 1ని చూసి అసలుది కూడా తాను క్లోన్‌నే అనుకుంటుంది మరి. గ్లోబల్ (అందరిదీ), లోకల్ (ఒక్కరిదే) వేరియబుళ్ల తేడా మీద పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం చదివితే రావలసిన జ్ఞానం ఇలా అప్పనంగా రావడం అన్యాయం.

తూటా గోడను తాకకుండా దాటిపోవడం మరో ముచ్చట. సన్నని తూటా ఫ్రేముకు 20 అడుగులు కదులుతుంటే, 5 అడుగుల గోడ ఒక ఫ్రేములో ముందుంటుంది, మరుసటి ఫ్రేములో వెనకుంటుంది. కాబట్టి 5 అడుగుల చొప్పున నాలుగుసార్లు కదిపి, ప్రతిసారీ తగిలిందేమో చూడాలి. ఉత్త రిపీట్ బ్లాకులో పెడితే తిప్పుకొక ఫ్రేము తింటూ తూటా నత్తలా పాకుతుంది. సొంత బ్లాకు చేసి, తెరను మళ్లీ గీయకుండా నడిపే గడిలో టిక్కు పెట్టాలి.

పెద్దలకు ఊరటగా ఒక్క శుభవార్త: ఆటలు తయారుచేసే గోడో ఇంజిన్ 2023లో వచ్చిన 4.0 నుంచి విజువల్‌స్క్రిప్ట్ అనే తన బొమ్మల ప్రోగ్రామింగ్‌ను తీసేసింది. అన్‌రియల్ అనే మరో ఇంజిన్‌లో అలాంటివే, పెట్టెలను వైర్లతో కలిపే బ్లూప్రింట్స్ మాత్రం దర్జాగా నడుస్తున్నాయి, వైర్లు ఎంత చిక్కుపడినా.

ఈ లోపు స్క్రాచ్‌లోనైనా చిన్న సంస్కరణ చెయ్యాలి. విలువ చెప్పే గుండ్రని బ్లాకును, అవునా కాదా అని అడిగే ఆరు మూలల గుంటలో దూరనివ్వాలి. అప్పుడు ఆట ఆగిపోయి, ఎర్రటి అక్షరాల్లో సందేశం రావాలి. అదీ తప్పున్న చోట కాదు, సంప్రదాయం ప్రకారం దాని కింది వరుసలో.