టీ బడ్డీ దగ్గర జడ్జి ఉండడు

డిబేట్ పోటీల్లో కప్పులు కొట్టినవాళ్లంటే నాకు గౌరవమే. వాళ్లతో టీ తాగడమే కష్టం.

పార్లమెంటరీ పద్ధతి పోటీ చూశారా? బ్రిటిష్ తరహాలో నాలుగు జట్లు, జట్టుకి ఇద్దరు, పెద్ద పోటీల్లో మనిషికి ఏడు నిమిషాలు. మొదటి నిమిషం, చివరి నిమిషం ఎవరూ మధ్యలో లేచి ప్రశ్న వేయకూడదు. ఏ పక్షమో మనం ఎంచుకోం, డ్రాలో ఏది వస్తే అదే. ప్రైవేటీకరణ అంటే ఒళ్లు మండేవాడు కూడా దాన్ని సమర్థించాల్సి రావచ్చు. నాకు నచ్చేది అదే. మాట్లాడి దిగాక వాణ్ణి ఎవరూ నిలదీయరు. అదే విశాఖలో మా పెదవాల్తేరు టీ బడ్డీ దగ్గర నోరు విప్పి చూడండి. మొదటి ప్రశ్న "మీదే పార్టీ?", తర్వాత ఊరు, ఆపైన ఇంటిపేరు. ఎందుకడుగుతున్నారో తెలియనంత అమాయకులం కాదు కదా!

మొన్న స్టీల్‌ప్లాంట్ మాట వచ్చింది. వాటాల అమ్మకానికి 2021 జనవరిలో కేంద్రం ఓకే అన్నప్పుడు మొదలైన గొడవ, 2025లో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాక కూడా ఆగలేదు. ప్లాంటులో పనిచేసి రిటైరైన మాస్టారొకాయన "సొంత గనులు లేకపోతే నష్టాలు రాక ఏమొస్తాయి బాబూ?" అన్నారు. మా ఛాంపియన్ గ్లాసు పక్కన పెట్టి, "అంకుల్, ముందు నష్టం అంటే ఏంటో నిర్వచించండి" అన్నాడు. ఆయన వాడి మొహం అలా చూస్తూ ఉండిపోయారు. గనుల సంగతి అక్కడితో సరి.

వేదిక మీద ఆ ఎత్తు పనికొస్తుంది, జడ్జి మార్కులు వేస్తాడు. ఇక్కడ మార్కులెవరికి కావాలి? పోటీలో మధ్యలో ఆగి "అవతలివాళ్లు చెప్పిందే నిజం, నేను మనసు మార్చుకున్నా" అంటే ఓడిపోయినట్టే. టీ బడ్డీ దగ్గర ఆ మాట హాయిగా అనొచ్చు. అయినా ఎవడూ అనడు. నియమాలు అక్కడే వదిలేసి, గెలవాలన్న కసి మాత్రం వెంట తెచ్చుకుంటాం. అవధానంలో అప్రస్తుత ప్రసంగానికి, అంటే సంబంధం లేని మాటలతో అవధాని ధ్యాస చెదరగొట్టడానికి, ఒక్క పృచ్ఛకుడే ఉంటాడు, మా బడ్డీ దగ్గర అందరిదీ అదే కుర్చీ.

పోటీ నుంచి నిజంగా తెచ్చుకోవాల్సింది ఎదుటివాడు ముగించేదాకా ఆగడం. ఏడు నిమిషాలు అక్కర్లేదు, ఒక్క నిమిషం చాలు.

ఇక టీవీ చర్చలంటారా? పక్షాలు ముందే ఖాయం, టైమ్ ఎవడూ పాటించడు, మనసు మార్చుకునే ప్రసక్తే లేదు. వాటిని చర్చ అనడానికే నాకు అభ్యంతరం. ఆ పోస్టు ఇంకోసారి, ఇప్పటికే బీపీ పెరిగింది.