మాట తప్పాను, మడమ తిప్పలేను

మా మంచానికీ నేలకూ మధ్య ఉన్న ఎత్తు అడుగున్నర, అక్కడి నుంచి స్నానాల గది తలుపుకు పద్నాలుగు అడుగులు. వారానికి నాలుగు రోజులు విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద పరుగెత్తే మనిషినై ఉండి కూడా, గత ఆషాఢమాసంలో ఆ పద్నాలుగు అడుగులూ నాకు ఎంత దూరమయ్యాయో ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను. కుడి పాదం నేలకు ఆనగానే, పిక్కలోంచి దిగి మడమను పట్టుకునే ఆ లావుపాటి తాడు, వానాకాలంలో ఉబ్బిన తలుపులాగా బిగుసుకుపోయి, వంగనంటే వంగనని మొరాయించేది. ఒక చేత్తో గోడనూ మరో చేత్తో బీరువా పిడినీ పట్టుకొని, మడమ ఆనీ ఆననట్టుగా నేను సాగించే ఆ ప్రయాణాన్ని మా ఆవిడ ఒకనాడు దుప్పటి సందులోంచి చూసి, "ఏమిటండీ, దొంగలా ఆ నడక?" అని అడిగింది. "నీకు నిద్రాభంగం కాకూడదని" అన్నాను. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె నిద్ర గురించి నేను పట్టించుకున్న దాఖలా ఒక్కటీ లేదు కనుక, ఆమె ఆ మాట నమ్మలేదు. ఆ పూటకు మాత్రం అటు తిరిగి పడుకుంది.

ఈ నొప్పిలో ఒక పెద్ద మోసం ఉంది. లేవగానే కుంటించే ఆ నరమే, కాసేపు అటూ ఇటూ నడిచి వేడెక్కేసరికి ఏమీ ఎరగనట్టు మెత్తబడిపోతుంది. బూట్లు కట్టుకొని, తెల్లవారుజామున వాహనాలను రానివ్వని ఆ సముద్రపు రోడ్డు మీద మొదటి కిలోమీటరును ఎలాగో ఈడ్చుకుంటూ పోతే, రెండో కిలోమీటరుకు నొప్పి ఎటు పోయిందో కూడా తెలియదు. అప్పుడు నేను "తగ్గిపోయింది" అని తీర్మానించుకొని, తగ్గిన సంతోషంలో మరో రెండు కిలోమీటర్లు అదనంగా పరుగెత్తేవాణ్ణి. ఆ రెండు కిలోమీటర్లకు మర్నాడు పొద్దున్నే, మంచం దిగే వేళకు, వడ్డీతో సహా వసూలు జరిగేది.

ఇదంతా ఒక కుర్రవాడి మూలాన వచ్చింది. అంతవరకూ నేను వారానికి 20 కిలోమీటర్లకు మించకుండా, ఎవరినీ నొప్పించకుండా పరుగెత్తుకుంటున్నవాణ్ణి. ఒక ఉదయం ఆ కుర్రవాడు వెనక నుంచి వచ్చి, "బాబాయ్, కాస్త పక్కకి" అని నన్ను దాటిపోయాడు. పోతే పోయాడు, పోతూ పోతూ ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆ వారమే నేను 21.1 కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌కు సిద్ధం కావాలని సంకల్పించి, 20 కిలోమీటర్లను ఒక్కసారిగా 38 చేశాను; అందులో రెండు రోజులు కైలాసగిరి ఎక్కే రోడ్డును కలిపాను. అది చాలదన్నట్టు, సగం ధరకు వస్తున్నాయి కదా అని, మడమను మునివేళ్ల కంటే 12 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంచే పాత బూట్లను పక్కన పెట్టి, 4 మిల్లీమీటర్లే ఎత్తులో ఉంచే కొత్త జత కొన్నాను. మడమ ఎంత కిందికి దిగితే దాని వెనకున్న నరం అంత సాగవలసి వస్తుందనీ, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ సాగుడు ఇంకా పెరుగుతుందనీ నాకు తరువాత తెలిసింది. సగం ధరకు అమ్మినవాడికి ముందే తెలిసి ఉంటుంది.

వైద్యులు దీన్ని నరం అనరు, స్నాయువు అంటారు. కానీ మన ఒంట్లో లాగేదీ పీకేదీ అంతా మనకు నరమే. పిక్కలోని రెండు పెద్ద కండరాలు కిందికి దిగుతూ ఒక్కటిగా కలిసి, మడమ ఎముకను పట్టుకునే ఈ తాడు, మనిషి ఒంట్లోని స్నాయువులన్నింటిలోకీ లావైనది, గట్టిది. పిక్కబలం చూపించాడని మనం నవ్వుకునే ప్రతివాడూ నిజానికి దీని బలం మీదనే పారిపోతాడు. దీనికి అకిలిస్ అనే గ్రీకు వీరుడి పేరు పెట్టారు. అతని తల్లి అతణ్ణి పసితనంలో మడమ పట్టుకొని స్టిక్స్ నదిలో ముంచిందట. ఒళ్లంతా వజ్రమైంది కానీ ఆమె వేళ్ల మధ్య ఉన్న మడమ తడవలేదు, చివరికి బాణం అక్కడే తగిలింది. మనకు అంత దూరం పోవలసిన అవసరం లేదు. శ్రీకృష్ణుడంతటివాడికి కూడా ఆఖరి బాణం పాదానికే తగిలింది. దాన్ని వేసిన వేటగాడి పేరు జర. జర అంటే ముసలితనం. యాభై ఏళ్లు నిండిన నన్ను ఆ వేటగాడు బీచ్ రోడ్డు మీద చూసి గురి పెట్టాడని నాకు అనుమానం కలిగి ఉండవలసింది, కలగలేదు.

ఇంతలో బొబ్బిలి నుంచి మా అత్తగారు వచ్చారు. ఆమెకు 69 ఏళ్లు. ఏటా ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు జరిగే సింహాచలం గిరి ప్రదక్షిణకు రావడం ఆమెకు మొక్కు. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు కాళ్లకు చెప్పులు లేకుండా నడవాలి. "మీరు తోడొస్తారా బాబూ? కష్టమేమో" అని ఆమె మర్యాదకు అడిగారు. ఆ "కష్టమేమో" అన్న మాట నాకు ఎక్కడో తగిలింది. "పరుగెత్తేవాడికి నడక ఒక లెక్కా అత్తయ్యగారూ? చివరిదాకా మీ వెంటే ఉంటాను, మాట" అన్నాను. మా ఆవిడ నా మడమ వంక ఒకసారి, నా ముఖం వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

కొండ మొదటి మెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నం బయలుదేరాము. 4 మిల్లీమీటర్ల బూట్లకే అలిగిన నరానికి ఇప్పుడు ఆ నాలుగూ లేవు. అయినా ముందే చెప్పాను కదా, దానిది మోసగాడి స్వభావం. అడవివరం దాటేసరికి వేడెక్కి మెత్తబడింది. హనుమంతవాక దగ్గర నేను మా అత్తగారికి శ్వాస ఎలా తీసుకోవాలో, అడుగు ఎలా వేయాలో బోధించడం మొదలుపెట్టాను. ఆమె గోవింద నామాల మధ్యలో "అలాగే బాబూ" అంటూ విన్నారు. అప్పూఘర్ దగ్గర సముద్రంలో మునిగి లేచి, తడి బట్టలతో ఎంవీపీ కాలనీ మీదుగా సాగుతూ ఉంటే, రోడ్డు పక్కన ఎవరో పుణ్యాత్ములు పందిరి వేసి పులిహోర, మజ్జిగ ఇస్తున్నారు. నేను చేసిన ఘోరమైన తప్పు అక్కడ కూర్చోవడం.

ఇరవై నిమిషాలు కూర్చున్నాను. రెండు ఆకుల పులిహోర, మూడు గ్లాసుల మజ్జిగ అయ్యాయి. లేవబోతే కుడికాలు రాలేదు. చల్లబడిన నరం తెల్లవారుజామున ఎలా ఉంటుందో అంతకు పదింతలుగా బిగుసుకుంది. ఇద్దరు కుర్రవాళ్లు చెరొక రెక్కా పట్టి లేపారు, ఒకావిడ ఏదో చల్లటి మందు చిమ్మింది, మైకు దగ్గర ఉన్నాయన ఉత్సాహం పట్టలేక "పెద్దాయనకు దారివ్వండి, పెద్దాయనకు దారివ్వండి" అని ప్రకటించాడు. మా అత్తగారు నన్ను ఆటో ఎక్కించి, కొంగు బిగించుకొని, పక్కన నడుస్తున్న ఎవరో ముక్కూమొహం తెలియని ఆడవాళ్లతో కలిసి మాధవధార వైపు సాగిపోయారు. ఆటో అతను సగం దారిలో అద్దంలోంచి నన్ను చూసి, "మధ్యలో వదిలేస్తే మొక్కు ఉంటుందా సార్?" అని అడిగాడు. మీటరు వంక చూస్తూ ఊరుకున్నాను. మర్నాడు ఉదయం నేను గోడా బీరువా పట్టుకొని బయటికి వచ్చేసరికి, ఆమె ప్రదక్షిణ ముగించి, దర్శనం చేసుకొని, స్నానం చేసి, నాకోసం కాఫీ కలుపుతున్నారు.

ఫిజియోథెరపిస్టు ముప్పై ఏళ్లు దాటని అమ్మాయి. నన్ను బోర్లా పడుకోబెట్టి, మడమ ఎముకకు మూడు వేళ్ల పైన రెండు వేళ్లతో పట్టి నొక్కింది. నేను వేసిన కేకకు పక్క గదిలోని వాళ్లు మాటలు ఆపారు. "ఇక్కడేనా అంకుల్?" అంది. నొప్పి కంటే అంకులే ఎక్కువ బాధించింది. ఈమధ్య సిప్రోఫ్లాక్ససిన్ వంటి యాంటీబయాటిక్ ఏమైనా వాడారా అని అడిగింది. ఆ జాతి మందులు ఈ నరాన్ని బలహీనపరుస్తాయట. వాడలేదన్నాను. పరుగు ఈమధ్య పెంచారా అని అడిగింది. "కొద్దిగా" అన్నాను. "బూట్లు మార్చారా?" "కొద్దిగా." బూట్లు కొద్దిగా ఎలా మారుస్తారో ఆ అమ్మాయి అడగలేదు, రాసుకుంది.

నెల రోజులు మంచం మీద కదలకుండా పడుకొమ్మంటుందని నేను లోలోపల ఆశపడ్డాను. అలా పడుకుంటే నరం ఇంకా బలహీనమై, లేచిన మర్నాడే మళ్లీ కుంటిస్తుందట. పోనీ ఒక సూది వేసేయమంటే, స్టెరాయిడ్ సూది నొప్పిని దాచి నరాన్ని తెగేదాకా తెస్తుందని భయపెట్టింది. దీనికి రక్తప్రసారం తక్కువ, మానడం నిదానం, కాబట్టి రోజూ కొలిచి బరువు మోపడమే మందు అంది. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి ఉన్న ఒక్క కాలి మీద బరువు వేసి మడమను మెట్టు కంటే కిందికి మెల్లగా దించాలి. మోకాలు చాచి మూడు విడతలు, మోకాలు వంచి మూడు విడతలు, విడతకు 15 సార్లు, ఉదయం 90, సాయంత్రం 90. మొత్తం 12 వారాలు. నొప్పి ఎముకకు అతుక్కున్న చోటనే ఉంటే మెట్టు కిందికి దించకూడదు, నాకు దానికి పైన ఉంది కనుక దించవచ్చు. చేసేటప్పుడు పదిలో నాలుగైదు నొప్పి ఉన్నా ఫరవాలేదు, మర్నాడు ఉదయానికి పెరగకూడదు.

ఈ పద్ధతి పుట్టిన కథ నాకు మహా నచ్చింది. స్వీడన్‌లో హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే ఎముకల వైద్యుడికి స్వయంగా ఇదే నొప్పి వచ్చి, ఆపరేషన్ చేయమని తన పై అధికారిని అడిగితే, ఆయన కాదన్నాడట. అయితే నరాన్ని పూర్తిగా పాడు చేసుకుంటే ఆపరేషన్ చేయక ఏం చేస్తారని, పంతం పట్టి మడమ మీద బరువు మీద బరువు వేశాడు. నరం తెగలేదు సరికదా, నొప్పి పోయింది. 1998లో, పరుగెత్తే అలవాటున్న 15 మందితో ఇదే చేయించి ఫలితాలు ప్రచురించాడు. 12 వారాలకు అందరూ మళ్లీ పరుగెత్తారు. అధికారి మీద కోపంతో ఒక ఉద్యోగి చేసిన పనుల్లో లోకానికి పనికొచ్చినది నాకు తెలిసి ఇదొక్కటే.

మెట్లు మా అపార్ట్‌మెంటులో ఉన్నాయి. లిఫ్టు పుణ్యమా అని వాటిని ఎవరూ వాడరు, కాబట్టి పరువు దక్కుతుందనుకున్నాను. నాలుగో రోజు తెల్లవారుజామున, రెండో అంతస్తుకు పైన, మసక వెలుతురులో, గోడకు ఒక వేలు ఆనించి, మోకాలు వంచి, మడమ గాలిలోకి దించుతూ "ముప్పై ఏడు" అని గొణుగుతున్నాను. మూడో అంతస్తులో ఉండే విశ్రాంత రైల్వే ఉద్యోగి, లిఫ్టు ఆగిపోయినందువల్ల, పాల ప్యాకెట్లతో వెనక నుంచి ఎక్కి వస్తున్నారు. ఆయనకు కనిపించినది నా వీపు, అది మెల్లమెల్లగా కుంగిపోవడం. "మాస్టారూ, భయపడకండి, నేనున్నాను!" అని అరిచి, పాలు వదిలేసి, నన్ను చంకల కింద చేతులు వేసి ఒడిసి పట్టుకున్నారు. మెట్టు మీద పదిలంగా ఉన్నవాణ్ణి ఆయన సహాయంతోనే కింద పడ్డాను. రెండు అర లీటరు ప్యాకెట్లు పగిలి, పాలు మెట్టు మెట్టుకూ దిగుతూ మొదటి అంతస్తు వాళ్ల ముగ్గు దాకా వెళ్లాయి.

తొమ్మిది గంటలకల్లా వాట్సాప్‌లో నాకు గుండెపోటు వచ్చింది. చూడడానికి వచ్చినవాళ్లు బత్తాయిలు తెచ్చారు, అది గుండె కాదు మడమ అని తెలిసి కొంత నిరాశపడి, మందులు చెప్పారు. ఆముదం వెచ్చబెట్టి రాయమన్నారు, ఉప్పు కాపడం పెట్టమన్నారు, నల్లేరు పచ్చడి తినమన్నారు. విరగని కాలికి పుత్తూరు కట్టు కట్టించుకురమ్మని టికెట్టు తీయబోయినాయన్ని మా ఆవిడ ఆపింది. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెతను ఆ రోజు నలుగురు చెప్పారు. అందులో పాలు పోయిన రైల్వే ఆయన చెప్పినప్పుడే నాకు నిజంగా నొచ్చుకోవడం అయింది.

అప్పటి నుంచి నాకు కాపలాగా మా అత్తగారు ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని మెట్ల దగ్గర కూర్చుంటున్నారు. చేతిలో తులసిమాల, నా మడమ ఒకసారి దిగితే పూస ఒకటి జరుగుతుంది. మొదటి రోజు 90 అవగానే నేను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాను.

"అదేంటి బాబూ, ఇంకా పద్దెనిమిది పూసలున్నాయి" అన్నారు.

పూటకు 90 అనీ, రోజుకు 180 అనీ డాక్టరమ్మ రాసిన చీటీ చూపించాను. ఆమె కళ్లజోడు సవరించుకొని, చీటీని వెలుతురుకు పెట్టి చూసి, "నూట ఎనిమిది రాయబోయి తొందరలో నూట ఎనభై రాసుంటుంది పిల్ల. తొంభై ఏ దేవుడికుంది? మాల మధ్యలో వదలకూడదు" అని, కాస్త ఆగి, ఎంతో మెత్తగా, "ప్రదక్షిణ ఎలాగూ మధ్యలో వదిలారు కదా" అన్నారు.

మిగిలిన పద్దెనిమిదీ చేశాను. వారం తరువాత ఆ అమ్మాయి మడమ నొక్కి చూస్తూ, "లెక్క తప్పకుండా చేస్తున్నారా అంకుల్?" అని అడిగింది.

"ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు" అన్నాను.