లెటర్‌హెడ్ మహత్యం

కొత్తగా గెలిచిన మన ఎంపీ గారు లోక్‌సభలో నోరు విప్పడం లేదని గిట్టనివాళ్లు కొందరు అంటున్నారు. చాలా అన్యాయం. ప్రమాణ స్వీకారం రోజున మైకు అదిరేలా, అదీ తెలుగులో మాట్లాడారు కదా! ఆ ప్రమాణం చేయకుండా సభలో కూర్చుంటే రోజుకు 500 రూపాయల జరిమానా అని రాజ్యాంగం 104వ అధికరణం చెబుతోంది. చేశాక ఎన్నాళ్లు నోరు మూసుకుని కూర్చున్నా జరిమానా లేదు. పైగా హాజరైనందుకు రోజుకు 2,500 భత్యం. పెద్దల ఉద్దేశం అర్థం కావడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక బిల్లులు. వాటిని చదివి, ఆలోచించి ఓటేసే శ్రమ 1985లో ఫిరాయింపుల నిషేధ చట్టం వచ్చినప్పుడే చాలావరకు తప్పింది. పార్టీ విప్ ఇస్తుంది. ఆకుపచ్చ బటనో, ఎర్ర బటనో చెప్పింది నొక్కాలి. సొంత బుర్ర వాడితే సీటుకే ఎసరు. కావాలంటే సొంతంగా ప్రైవేటు బిల్లు పెట్టుకోవచ్చు, శుక్రవారం మధ్యాహ్నం పూట. స్వాతంత్ర్యం వచ్చాక అలా చట్టాలైనవి 14, ఆఖరిది 1970లో. అప్పటికి మన సారు పుట్టనే లేదు. పైగా శుక్రవారం మధ్యాహ్నమంటే నియోజకవర్గానికి విమానం పట్టుకునే వేళ.

ప్రశ్నలు అడగడం లేదా అంటే, అడుగుతారు. పీఏ టైపు చేస్తాడు: ‘ఫలానా ప్రతిపాదన ఏమైనా ఉన్నదా? ఉంటే వివరాలేమిటి? లేకుంటే కారణాలేమిటి?’ రోజుకు 20 ప్రశ్నలకే మంత్రులు సభలో నోటితో జవాబు చెబుతారు. ఎవరి ప్రశ్నలు వస్తాయో లాటరీలో తేలుతుంది. మిగతావాటికి కాగితం మీద జవాబు: ‘సమాచారం సేకరిస్తున్నాం.’

అసలు పని క్యాంపు ఆఫీసులో. తెల్లారేసరికే వరండా నిండా జనం. సగం మందికి తిరుమల బ్రేక్ దర్శనం లెటర్ కావాలి. ‘ఈ లేఖ తెచ్చినవారు నాకు బాగా తెలిసినవారు’ అని ఉంటుంది అందులో. సారు తలెత్తి ఆ బాగా తెలిసినాయన ముఖం మొదటిసారి చూసి, ‘ఊరేది బాబూ?’ అని అడిగి సంతకం పెడతారు. మిగతా సగంలో వెయిటింగ్ లిస్టు టికెట్‌కు ఎమర్జెన్సీ కోటా లెటర్ కోసం వచ్చినవాళ్లు, కేంద్రీయ విద్యాలయంలో మనవడికి సీటు కోసం వచ్చిన తాతలు. ఎంపీకి ఏటా ఉండే పది సీట్ల కోటాను 2022లో ఎత్తేశారు. ఆ మాట చెబితే తాతగారు నమ్మరు. ‘ఇవ్వడం ఇష్టం లేక ఎన్ని చెబుతారు!’ అని మెట్లు దిగుతూ అందరికీ వినబడేలా అంటారు.

అన్నిటికన్నా పెద్ద టెన్షన్ ఎంపీ ల్యాడ్స్, అంటే నియోజకవర్గంలో పనులకు ఎంపీ పేరున ఉండే నిధి. ఏడాదికి 5 కోట్లు. అవి సారు జేబులో ఉన్నాయని జనం గట్టి నమ్మకం. నిజానికి ఆయన సిఫారసు చేస్తారు, మంజూరు జిల్లా యంత్రాంగం చేస్తుంది. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లకు పంచితే ఒక్కోదానికి 71 లక్షలు చిల్లర. అందరూ ముందు గుడికి ప్రహరీ అడుగుతారు. ప్రార్థనా స్థలాల్లో పనులకు ఆ నిధి వాడకూడదు. చివరికి బస్ షెల్టర్ తేలుతుంది. బస్సు ఆగుతుందో లేదో గానీ, దాని మీద సారు పేరు మాత్రం అర కిలోమీటరు దూరం నుంచి కనబడుతుంది. రైలు హాల్టుదీ ఇదే వరస. మంత్రికి శాలువా కప్పి వినతిపత్రం ఇచ్చిన ఫొటోతో స్టేషన్ బయట థాంక్యూ ఫ్లెక్సీ వెలిసింది. ఎక్స్‌ప్రెస్ దాని పక్కనుంచే దూసుకుపోతోంది.

ఇంత చాకిరీ చేసే మనిషిని పట్టుకుని చట్టాల సంగతి అడగడానికి మనసెలా వస్తుందో! ఓడినా నెలకు 31,000 పెన్షన్ ఉంటుంది కాబట్టి ఆ దిగులు ఆయనకు లేదు. దిగులల్లా లెటర్‌హెడ్ మీద పేరు ముందు ‘మాజీ’ అని పడటం గురించే. మొన్నొక పాత ఎంపీ గారు మన సారుకు ఫోన్ చేశారు. దేశ పరిస్థితుల మీద పది నిమిషాలు మాట్లాడి, గొంతు తగ్గించి, ‘తమ్ముడూ, మా వియ్యంకుడి వాళ్లు ఆరుగురు కొండకు వెళ్తున్నారు, ఒక్క లెటర్...’ అన్నారు.