మూడు గదుల్లో ఆరుగురిని కాపురం పెట్టిన ఇంజను గారికి

మహారాజశ్రీ కామర్ టి.ఎస్.3 ఇంజను గారి సముఖమునకు,

మీ లారీ యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం పాత ఉత్తరాల మర్యాద గనుక ఆ మాట రాశాను. కాని మీరు మొన్నమొన్నటిదాకా పదకొండేళ్లపాటు ఒక్కసారీ మండిన పాపాన పోలేదు, మిమ్మల్ని కొన్న నాటినుంచి నేను ఒక్క రాత్రీ సరిగా నిద్రపోలేదు; కనుక ఆ కుశలం ఏ పక్కనుంచి చూసినా అబద్ధమే.

మిమ్మల్ని లారీలో ఉంచాలా, తీసి పక్కన పెట్టి మరో ఇంజను బిగించాలా అన్న వ్యాజ్యం కొన్ని నెలలుగా నా ముందు నడుస్తోంది. ఇందులో వాదినీ నేనే, న్యాయమూర్తినీ నేనే, తీర్పు ఎటు వచ్చినా ఖర్చులు చెల్లించవలసినవాడినీ నేనే. ప్రతివాదులైన మీరు మాత్రం డ్రైవరు సీటు కింద వెల్లకిలా పడుకుని, ఈ విచారణతో తమకేమీ సంబంధం లేనట్టు చుక్క చుక్కగా నూనె కారుస్తున్నారు. ఆ నూనె కూడా ఎక్కడినుంచి వస్తోందో చెప్పరు.

మీ స్వరూపం గురించి ముందుగా చెప్పక తప్పదు, ఎందుకంటే గొడవంతా దానితోనే మొదలైంది. మిమ్మల్ని చూడడానికి వచ్చిన మొదటి మెకానిక్కు అరగంటసేపు లారీ కింద దూరి, పైకి వచ్చి, "హెడ్డు ఎక్కడుందండీ?" అని అడిగాడు. సిలిండర్లకు మూతలా ఉండే ఆ తలకాయ మీకు లేదన్నాను. వాల్వులు ఎక్కడున్నాయని అడిగాడు. అవీ లేవన్నాను. తలకాయ లేనిది ఇంజనుకా, దాన్ని కొన్నవాడికా అన్నట్టు నా వంక ఒక చూపు చూసి, సామాన్లు సర్దుకుని వెళ్లిపోయాడు. అతని తప్పేమీ లేదు. మూడు సిలిండర్లలో మూడు పిస్టన్లు ఉండడం లోకధర్మం; మీరు ఒక్కో సిలిండరులో రెండేసి పిస్టన్లను ఎదురెదురుగా నిలబెట్టి, మధ్యనున్న జాగాలో డీజిల్ మండించి, రెండింటినీ చెరో వైపుకు తన్ని తరిమేస్తారు. ఒక చివరి రంధ్రాల్లోంచి గాలి వస్తుంది, మరో చివరి రంధ్రాల్లోంచి పొగ పోతుంది, ఆ రంధ్రాలను తెరిచి మూసే పని కూడా పిస్టన్లదే. ఇలా ఎదురుబొదురు పిస్టన్లు పెట్టుకున్న జర్మనీ యుంకర్స్ విమానపు ఇంజను, పిస్టన్ల ఊపును తిరుగుడుగా మార్చే క్రాంక్ షాఫ్టులు రెండు వాడుకుంది. పద్దెనిమిది సిలిండర్ల నేపియర్ డెల్టిక్ మూడు వాడుకుంది. మీరు ఒక్క షాఫ్టుతో సరిపెట్టుకున్నారు, అయితే అందుకోసం ఒక్కో పిస్టనుకూ ఒక రాడ్డు, ఆ రాడ్డుకు ఊగే రాకరు, ఆ రాకరు నుంచి కిందికి మరో రాడ్డు అని పెద్ద బలగాన్నే పోషించారు. పొదుపు చేసి ఇంత ఖర్చు పెట్టినవారిని నేను మరెక్కడా చూడలేదు.

అయినా ఉన్న మాట ఒప్పుకోవాలి. 3.26 లీటర్ల పొట్టతో, నిమిషానికి 2400 చుట్ల దగ్గర 105 గుర్రాల శక్తి, అందులో సగం వేగంలోనే, అంటే 1200 చుట్ల దగ్గరే, 270 పౌండ్-అడుగుల టార్కు, అనగా తిప్పే బలం, ఇచ్చిన ఇంజను 1954లో లారీల లోకానికి చిన్న విషయం కాదు. తల లేకపోవడం వల్ల వేడి పోయే దారి తగ్గింది, అందువల్ల డీజిల్ కలిసొచ్చింది. పడుకునే ఉంటారు గనుక క్యాబిన్ నేల చదునుగా ఉండి, ముగ్గురు మనుషులు పక్కపక్కన కాళ్లు చాపుకుని కూర్చోగలిగారు. మిమ్మల్ని కామర్ లారీలకోసం తయారుచేసినది ఇంగ్లండులోని రూట్స్ సంస్థ. మీకు గాలి ఊదే బ్లోవరు కూడా రూట్స్ రకమే. ఈ రెండు రూట్సులకూ చుట్టరికం ఏమీ లేదు. రెండోది అంతకు శతాబ్దం ముందటి అమెరికా అన్నదమ్ముల ఇంటిపేరు. ఇంగ్లీషులో రాస్తే ఒక అక్షరం తేడా కనిపిస్తుంది, తెలుగులో ఆ తేడాకూడా మిగలదు కాబట్టి, మీ కుటుంబ వ్యవహారం నాలుగుసార్లు వివరించినా మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

మీ గొంతు సంగతి వేరే చెప్పాలి. టూ స్ట్రోకు, అంటే క్రాంకు తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి మండే రకం, కావడం వల్ల మూడు సిలిండర్లతోనే, పూర్తి వేగంలో సెకనుకు 120 సార్లు మండుతారు. అంటే ఆరు సిలిండర్ల మామూలు ఇంజను చేసినంత పని. ఆ శబ్దానికి మెచ్చి జనం మీకు కామర్ నాకర్, అంటే దబదబా బాదే కామర్, అని ముద్దుపేరు పెట్టారు. ఆ అరుపు వింటే ఒళ్లు పులకరిస్తుందని చెప్పేవారిని చాలామందిని కలిశాను. వారందరూ మిమ్మల్ని రోడ్డు పక్కన నిలబడి విన్నవారే. క్యాబిన్లో కూర్చుని రోజుకు పది గంటలు విన్న ముసలి డ్రైవరు ఒకాయన దొరికితే అభిప్రాయం అడిగాను, ఆయన చెవి దగ్గరికి చేయి పెట్టుకుని "ఏమన్నారూ?" అన్నాడు.

ఇక సలహాదారులు. వీరిలో మొదటి రకం, తీసి పారేయమనేవారు. మరో మంచి డీజిల్ ఇంజను చవగ్గా దొరుకుతుంది, రెండు ఆదివారాల పని అంటారు. ఈ రెండు ఆదివారాల లెక్కను నేను కాగితం మీద వేసి చూశాను. మీరు పడుకున్న చోట నిలబడే ఇంజను పట్టదు. కాబట్టి మొదట క్యాబిన్ నేల కోయాలి. కొత్త దానికి మౌంటింగులు చేయించాలి, మీ గేరుబాక్సుకు దాని ముఖం కలవదు గనుక మధ్యలో ప్లేటు వేయించాలి, లేదా గేరుబాక్సు కూడా మార్చాలి. అది మారితే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మారుతుంది. రేడియేటరు, గొట్టాలు, క్లచ్చి, సైలెన్సరు, యాక్సిలరేటరు తీగ, స్పీడోమీటరు కేబులు వరుసగా క్యూ కడతాయి. కొత్త ఇంజనుకు బలం ఎక్కువైతే ఆ పాత డ్రమ్ము బ్రేకులు దాన్ని ఆపగలవా అని అడగాలి, తక్కువ చుట్లకు కుదిర్చిన వెనక ఇరుసు నిష్పత్తి దానికి నప్పుతుందా అని అడగాలి, చివరికి కాగితాల్లో ఇంజను నంబరు మార్పించుకోవాలి. చవక ఇంజను అన్నమాట నిజమే, ఆ ఇంజను ఒక్కదానికి మాత్రమే.

రెండో రకం సలహాదారులు మరీ ప్రమాదకరం. వీరికి ఒరిజినల్ అన్న మాట మంత్రం. మిమ్మల్ని తీస్తే మహాపాతకమని, చరిత్ర క్షమించదని కళ్లు తడిచేసుకుంటారు. వీరిలో ఒక్కరికీ లారీ లేదు. మిమ్మల్ని కాపాడడం తమ ధర్మమనీ, దాని ఖర్చు నా ధర్మమనీ వారి నమ్మకం. వీరి మాట విని, మీ జన్మ వృత్తాంతం తేల్చుకుందామని లారీ కాగితాలు తీసి, మీ ఒంటిమీద చెక్కిన నంబరును తీగ బ్రష్షుతో తోమి పోల్చి చూశాను. కలవలేదు! మీరు పుట్టుకతో ఈ లారీకి వచ్చినవారు కారట. ఏనాడో మొదటి ఇంజను పాడైతే అదే జాతిలోంచి తెచ్చి పెట్టిన దత్తపుత్రులట. ఈ వార్త చెప్పినప్పుడు ఒరిజినల్ వాదుల ముఖాలు చూడవలసింది. రకం అదే, ఆకారం అదే, అరుపు అదే. నాలుగు అంకెలు తేడా వచ్చేసరికి వారి భక్తి సగానికి దిగిపోయింది. నాకు మాత్రం ఆ రోజునుంచే మీ మీద కొంచెం మమకారం పుట్టింది.

కాబట్టి ఈ రెండు పక్షాలనూ బయటికి పంపి, విచారణ నేనే మొదలుపెట్టాను. మొదట మిమ్మల్ని స్టార్టు చేయకుండా, క్రాంకును చేత్తో తిప్పి చూశాను, ఎందుకంటే ఏళ్ల తరబడి కదలని ఇంజనుకు బ్యాటరీ తగిలించి తొందరపెట్టడం వైద్యం కాదు, హత్య. అంతకు రెండు వారాల ముందునుంచీ సిలిండర్లలో పల్చని నూనె పోసి నానబెట్టాను. మీరు తిరిగారు, కాస్త గొణిగారు. తరువాత మీ అడుగున నూనె నిలిచే తొట్టి, అదే సంపు, అందులోని నూనె దించాను. అది నల్లగా ఉంది, పాల మీగడలా లేదు, అంటే నీళ్లు కలవలేదు; అందులో ఇత్తడి మెరుపులూ లేవు, అంటే బేరింగులు ఇంకా బేరింగులుగానే ఉన్నాయి.

మీలో నాకు బాగా నచ్చిన గుణం ఇక్కడే బయటపడింది. మామూలు ఇంజను గుట్టు తెలుసుకోవాలంటే హెడ్డు ఎత్తాలి. మీ ఎగ్జాస్టు మానిఫోల్డు విప్పితే చాలు, ఆ రంధ్రాల్లోంచి టార్చిలైటు వేసి పిస్టను పక్కలనూ రింగులనూ కంటితోనే చూడవచ్చు. చూశాను. రంధ్రాలు సగం దాకా మసి పట్టి మూసుకుపోయాయి. మిమ్మల్ని నాకు అమ్మిన పెద్దమనిషి "సగం యాక్సిలరేటరు దాటి ఎన్నడూ తొక్కలేదండీ, పువ్వులా చూసుకున్నాను" అని గర్వంగా చెప్పినప్పుడే నేను అనుమానించవలసింది. టూ స్ట్రోకు డీజిల్ ఇంజనును పువ్వులా చూసుకోకూడదు. అది కష్టపడాలి, వేడెక్కాలి, మసిని తానే కాల్చుకోవాలి. ఖాళీగా గంటల తరబడి గుర్రుపెట్టిస్తే నూనె సరిగా కాలక దాని గొంతే పూడుకుపోతుంది. ఆయన ప్రేమ ఫలితమే మీ ప్రస్తుత దుస్థితి. దానికి మందు చెక్కతో మసి గీకడమే తప్ప, ఇంజను మార్చడం కాదు.

చివరికి స్టార్టు చేసినప్పుడు మీరు వదిలిన నీలం పొగ చూసి, పక్కనున్న మెకానిక్కు "రింగులు పోయాయి, బోరు పోయింది" అని వెంటనే మరణ ధ్రువపత్రం రాయబోయాడు. ఆగమన్నాను. నీలం పొగంటే నూనె మండుతోందనే గాని, ఆ నూనె ఎక్కడినుంచి వచ్చిందో పొగ చెప్పదు. బ్లోవరు సీళ్లు పాడైనా నూనె గాలితోపాటు సిలిండర్లోకి పోయి అదే రంగు పొగ వస్తుంది. అది మితిమీరితే ఇంకా ప్రమాదం: పంపు డీజిల్ ఆపేసినా, ఇంజను తన సంపులోని నూనెనే తాగి, పట్టపగ్గాల్లేకుండా పరిగెడుతుంది, అప్పుడు గాలి దారి మూసేయడం ఒక్కటే దిక్కు. అందుకని ఒక చెక్కపలక చేతిలో పట్టుకుని మీ పక్కనే నిలబడ్డాను. ఆ క్షణంలో నా ముఖం చూసినవారికి పరీక్ష ఇంజనుకా, నాకా అని సందేహం వచ్చి ఉంటుంది. సంగతేమంటే, మూడు సిలిండర్లూ గాలిని నొక్కి పట్టే బలం, అదే కంప్రెషన్, ఇంచుమించు సమానంగా ఉంది, కాబట్టి తప్పు రింగులది కాకపోవచ్చు. బ్లోవరు విప్పితే సీళ్లు ఎండి పగిలి ఉన్నాయి, లోపలి రెక్కలు మాత్రం ఒకదానికొకటి రాసుకోలేదు.

నేను వెతుకుతున్నది అదే. ఎందుకంటే పాత ఇంజనులో పోయినవన్నీ ఒక్క తీరుగా పోవు. సీళ్లు, గాస్కెట్లు, రింగులు, బేరింగులు మంచి పనివాడు చేయిస్తాడు. నాజిళ్లు, డీజిల్ పంపు మరమ్మతు చేసేవారు ఇంకా ఉన్నారు. మీ రాకరు విరిగినా, బ్లోవరు డొల్ల పగిలినా, క్రాంకు బీటలు వారినా, బ్లాకు గడ్డకట్టిన నీళ్లకు చీలినా, మరో లారీ చావుకోసం కాచుకుని కూర్చోవడమే; మీ తయారీ ఆగి అర్ధ శతాబ్దం దాటింది. ఇంతకాలమూ ఎవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. బాగుందా, అరుదైనదా, ధర ఎంత పలుకుతుంది అని అడిగారు గాని, ఇందులో చచ్చిన భాగం చేయించగలిగినదా కాదా అని ఒక్కరూ అడగలేదు.

మీకు అన్యాయం జరగడం కొత్త కాదని నాకు తెలుసు. మీ తమ్ముడు, నాలుగు సిలిండర్ల టి.ఎస్.4, పరీక్షల్లో రోడ్లమీద తిరుగుతుండగానే, 1967లో రూట్స్ పగ్గాలు అమెరికా కార్ల సంస్థ క్రైస్లర్ చేతికి పోయి, ఆ పని ఆగిపోయింది. తయారైనవాటిని తుక్కు చేయమన్నారు. కనీసం ఒకటైనా ఆ ఆజ్ఞ తప్పించుకుని నేటికీ అరుస్తోంది. ఇంతలో 2018లో అమెరికాలో ఒక సంస్థ ఎదురుబొదురు పిస్టన్ల ఇంజనును పికప్పు బండిలో పెట్టి, భవిష్యత్తు ఇదే అని ప్రదర్శించింది. మీరు సీటు కింద పడుకుని నవ్వుకునే ఉంటారు.

నన్ను నేను కూడా కొంచెం విచారించుకున్నాను. ఈ లారీతో బరువులు మోయించి సంపాదిస్తానని ఇంట్లో చెప్పాను. నిజానికి ఏడాదికి నాలుగైదు సార్లు, ఎండ బాగున్న రోజున, ఖాళీ లారీని బయటికి తీసి, నలుగురూ తల తిప్పి చూసేలా అరిపించి తిరిగి తేవడమే నా ఆలోచన. రోజూ సరుకు తోలేవాడైతే మిమ్మల్ని మార్చడమే న్యాయం. వాడికి సమయానికి సరుకు చేరాలి, ఆ చేరడంలోనే వాడి బువ్వ ఉంది. నాలాంటివాడు మిమ్మల్ని తీసి మామూలు ఇంజను పెడితే, ఆ లారీని చూడడానికి నేనే వెళ్లను.

అందువల్ల మీరు ఉంటున్నారు. షరతులు వినండి. సీళ్లన్నీ కొత్తవి వేయిస్తాను, మసి గీకిస్తాను, వేడెక్కిన తరువాత కూడా నూనె ఒత్తిడి నిలబడితే రోడ్డెక్కిస్తాను, ఎక్కిన తరువాత మొహమాటం లేకుండా తొక్కుతాను. ఎప్పుడైనా రాకరు విరిగి నన్ను నడిరోడ్డున నిలబెడితే, అప్పుడు నేల కోసి మరో ఇంజను పెడతాను. అయినా మిమ్మల్ని కిలోల లెక్కన తూకం వేయనివ్వను. నిండా నూనె పట్టించి, రంధ్రాలకు మూతలు బిగించి, ఆ కలవని నంబరు పైకి కనిపించేలా షెడ్డులో ఒక మూల పడుకోబెడతాను. పడుకోవడం మీకు అలవాటే.

వచ్చే ఆదివారం పొద్దున్నే చెక్క గరిటె, గుడ్డలు, దీపం పట్టుకుని వస్తున్నాను. ఎగ్జాస్టు మానిఫోల్డు ఆరో బోల్టు తుప్పు పట్టి ఉంది, మొన్ననే నూనె పోసి ఉంచాను. దయచేసి విరగవద్దు.

ఇట్లు,
మీ నూనె చుక్కల కింద రేకు డబ్బాలు మారుస్తున్న
లారీ యజమాని