యాంటీవైరస్ కొనే ముందు విండోస్ సంగతి చూడండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్, అంటే లోపాలు సరిచేసే మామూలు అప్‌డేట్లు ఇవ్వడం, ఆపేసింది. నెల్లూరు నుంచో, సూళ్లూరుపేట నుంచో పొద్దున్నే రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి వచ్చి, పిల్లల చదువు కోసం సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనుక్కెళ్లే కుటుంబాలు గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ ఇది. ఆ లాప్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. ఇంటెల్ ప్రాసెసర్ అయితే సాధారణంగా ఎనిమిదో తరందో, ఆ తర్వాతదో ఉండాలి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. ఈ సంగతి అడిగితే కొన్ని దుకాణాల్లో వచ్చే సమాధానం: "మంచి యాంటీవైరస్ వేసిస్తాం సార్, మూడేళ్లు చూసుకోనక్కర్లేదు." ఈ మాట నమ్మితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. రక్షణ ఉందన్న ధీమాతో అసలు చేయాల్సిన పనులు చేయడం మానేస్తాం.

యాంటీవైరస్ చేసేది ఏమిటి? తెరుస్తున్న ఫైల్‌ని తనకు తెలిసిన వైరస్‌ల గుర్తులతో పోల్చి చూస్తుంది. నడుస్తున్న ప్రోగ్రామ్ తీరు అనుమానంగా ఉంటే ఆపుతుంది. విండోస్‌లోనే ఉన్న లోపాన్ని సరిచేయడం దాని పని కాదు. ఆ పని మైక్రోసాఫ్ట్ ఇచ్చే అప్‌డేట్ మాత్రమే చేయగలదు. 2017 మే నెలలో, ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని వణికించింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పనులు ఆగిపోయాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది ఏ లోపం గుండా ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పాకిందో, ఆ లోపానికి మార్చిలోనే అప్‌డేట్ వచ్చేసింది. వేసుకున్న కంప్యూటర్లలోకి అది ఆ దారిన దూరలేకపోయింది.

అందుకే విండోస్ 10 మీదే ఉన్నవాళ్లు ముందు, సపోర్ట్ ఆగాక కూడా కొంతకాలం లోపాలు సరిచేసే అప్‌డేట్లు పొందేందుకు మైక్రోసాఫ్ట్ ఇస్తున్న ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేరాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ చేసుకుంటే దీనికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. మొదట ప్రకటించిన గడువు 2026 అక్టోబర్ 13. విండోస్ 10తోనే వచ్చే మైక్రోసాఫ్ట్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌కి వైరస్ గుర్తులు 2028 అక్టోబర్ దాకా పంపుతామని కూడా మైక్రోసాఫ్ట్ చెప్పింది. కానీ ఆ గుర్తులు వస్తున్నంత మాత్రాన విండోస్ లోపాలు పూడుతున్నట్టు కాదు. ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్ గడువు దాటాక కూడా పాత లాప్‌టాప్‌నే వాడాలంటే, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడం మేలు. తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచితంగా ఇచ్చిన లాప్‌టాప్‌లలో విండోస్ పక్కనే బాస్ లినక్స్ కూడా ఉండేది. దాన్ని తయారుచేసింది కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ చెన్నై కేంద్రం. బ్రౌజరు, ఆన్‌లైన్ క్లాసులు, ప్రాజెక్టు రిపోర్టులు, ఇంతవరకే వాడే విద్యార్థికి లినక్స్‌తో ఇబ్బంది ఉండదు.

ఇక విండోస్ 11 ఉన్న ఇంటి సంగతి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: చాలా ఇళ్లకు అందులోనే ఉన్న డిఫెండర్ చాలు. 2010ల మొదట్లో మైక్రోసాఫ్ట్ యాంటీవైరస్ స్వతంత్ర పరీక్షల్లో వెనకబడేది. ఇప్పటికీ చాలామంది మనసులో ఉన్న చులకన ఆ రోజుల నాటిదే. జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ రక్షణకు 6, వేగానికి 6, వాడకంలో ఇబ్బంది లేకపోవడానికి 6 చొప్పున మొత్తం 18 మార్కులకు లెక్క కడుతుంది. కొన్నేళ్లుగా డిఫెండర్ అక్కడ పూర్తి మార్కులకు దగ్గరగానే ఉంటోంది. డబ్బు పెట్టి కొనే పేరున్న ప్రోగ్రామ్‌లు కూడా అక్కడే ఉన్నాయి. ఆ కొద్ది తేడా ఇంటి కంప్యూటర్‌కి లెక్కలోకి రాదు.

కొనే ముందు ఇంకో విషయం ఆలోచించాలి, నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. యాంటీవైరస్ మన ప్రతి ఫైలూ చూస్తుంది, చాలాసార్లు మనం ఏ వెబ్‌సైట్‌కి వెళ్తున్నామో కూడా చూస్తుంది. ఇంటి తాళాలన్నీ కాపలావాడి చేతికి ఇచ్చినట్టే. అవాస్ట్ తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా వినియోగదారుల బ్రౌజింగ్ వివరాలు అమ్మిందని 2020లో బయటపడింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీతో 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. రక్షణ కోసం వేసుకున్న ప్రోగ్రామే మన అలవాట్లను అమ్ముకోవడం నాకు చాలా బాధ కలిగించిన సంగతి. ఉచితంగా వస్తోందని ఇంకో కంపెనీకి ఆ తాళాలు ఇచ్చే ముందు, దానికి ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోండి.

డబ్బు పెట్టి కొనడం తప్పని నేను అనను. ఏదైనా తేడా వస్తే ఫోన్‌లో మాట్లాడే మనిషి కావాలనుకునేవాళ్లు ఉంటారు. పిల్లల వాడకం మీద కంట్రోల్ అన్నీ ఒకేచోట ఉండాలనుకునేవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లకు చెన్నైలోనే 1990ల నుంచి ఉన్న కె7, పుణెకి చెందిన క్విక్ హీల్ మన దేశపు కంపెనీలే. ఏది కొన్నా ఒక్కటే ఉంచండి. రెండు కలిసి నడిస్తే లాప్‌టాప్ స్లో అవుతుంది తప్ప రక్షణ రెట్టింపు కాదు. కొత్త లాప్‌టాప్‌తో ట్రయల్‌గా వచ్చిన యాంటీవైరస్ గడువు తీరిపోతే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి, డిఫెండర్ మళ్లీ పనిలోకి వస్తుంది.

దుకాణంవాళ్లు ఫార్మాట్ కొట్టి, లైసెన్స్ లేని క్రాక్ విండోస్ ఎక్కించి, దాని మీద వెయ్యి రూపాయల యాంటీవైరస్ వేసినా ఏం లాభం? ఆ క్రాక్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమని అడుగుతుంది. ఆపాక లోపలికి ఇంకేం వచ్చిందో ఎవరికీ తెలియదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్ (విండోస్ 10లో అయితే అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ), అందులో యాక్టివేషన్ చూడండి. మీ సొంత లాప్‌టాప్‌లో ఏదో సంస్థ యాక్టివేషన్ సర్వీస్‌తో యాక్టివేట్ అయిందని కనిపిస్తే, డబ్బు కట్టే ముందే దుకాణంలో నిలదీయండి.

యాంటీవైరస్ అసలు ఆపలేని మోసాలు కూడా ఉన్నాయి. కస్టమర్ కేర్ పేరుతో ఫోన్ చేసి ఎనీడెస్క్ వేయించుకునేవాళ్లు వాడేది వైరస్ కాదు, దూరం నుంచి ఇంకొకరి కంప్యూటర్‌ని నడిపే మామూలు ప్రోగ్రామే. దాన్ని ఇన్‌స్టాల్ చేసేది మనమే, కోడ్ చెప్పేదీ మనమే. ఏ యాంటీవైరస్ కొన్నా సరే, ఇంట్లో పెద్దవాళ్లకు ఈ విషయం విడమరిచి చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

రాన్సమ్‌వేర్ భయం ఉన్నవాళ్లకు విండోస్ సెక్యూరిటీలోనే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఉంది. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. తెలియని ప్రోగ్రామ్‌లు మన డాక్యుమెంట్లు, ఫొటోలను మార్చకుండా అడ్డుకుంటుంది. అప్పుడప్పుడు మనకు కావాల్సిన ప్రోగ్రామ్‌నూ ఆపుతుంది, దానికి విడిగా అనుమతి ఇస్తే సరిపోతుంది. యాంటీవైరస్‌కి పెట్టాలనుకున్న డబ్బుకి మరికొంత కలిపి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని, ఫొటోలు, సర్టిఫికెట్లు, ముఖ్యమైన కాగితాల స్కాన్‌లు అందులోకి కాపీ చేసుకోండి. కాపీ అయిపోగానే కేబుల్ తీసేయండి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ ఆ డిస్క్‌లోని ఫైళ్లను కూడా లాక్ చేసేస్తుంది.