చల్లితే చాలదు, జాడ తీయాలి

చమురు ఒలికిన చోట, ఫ్యాక్టరీ ద్రావకాలు ఇంకిన చోట బ్యాక్టీరియాను వదిలి నేలను బాగుచేస్తామని కాంట్రాక్టులు తీసుకునే సంస్థలున్నాయి. పద్ధతి మంచిదే. మట్టినంతా తవ్వి లారీల్లో మరోచోట పోయడంకన్నా నయం. అయితే వదిలిన బ్యాక్టీరియా బతికిందా, పనిచేసిందా అని అడిగితే ‘అప్పుడింత, ఇప్పుడింత’ అని కాలుష్యం లెక్కలున్న కాగితం చేతికిస్తే సరిపోదు. తగ్గిందనుకుందాం. అది గాలిలో కలిసిందో, భూగర్భ జలంలోకి జారుకుందో ఆ కాగితం చెప్పదు.

మట్టిలోని బ్యాక్టీరియాను ల్యాబ్ పళ్లెంలో పెంచి లెక్కపెట్టే పాత పద్ధతితోనూ పెద్దగా తేలేదేమీ లేదు. వాటిలో అలా పెరిగేవి సుమారు 1 శాతమే. అందుకే జన్యువుల వెంట పడాలంటున్నాం. మట్టి నుంచి నేరుగా డీఎన్‌ఏ తీసి, కాలుష్యాన్ని విరగ్గొట్టే ఎంజైము తాలూకు జన్యువు ఎన్ని ప్రతులుందో, డీఎన్‌ఏ ముక్కకు నకళ్లు తీసి చూసే పీసీఆర్ పరీక్షతో లెక్కించవచ్చు. 1996లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. చమురులో ఉండే నాఫ్తలీన్ అనే కాలుష్య పదార్థం తగిలితే వెలుగు చిమ్మేలా జన్యువులు మార్చిన సూడోమొనాస్ హెచ్‌కే44ను మట్టిలోకి వదిలారు. అంటే జాడ చెప్పే ఏర్పాటు ఆ బ్యాక్టీరియాలోనే ఉంది.

బ్యాక్టీరియా జాతి పేరు రాసి ఊరుకునే రిపోర్టులను మాత్రం నమ్మలేం. డ్రై క్లీనింగ్‌లో వాడే పెర్‌క్లోరోఇథిలీన్ సంగతే చూడండి. బ్యాక్టీరియా దాని క్లోరిన్‌లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ వినైల్ క్లోరైడ్ దగ్గర ఆగిపోవచ్చు. అది క్యాన్సర్ తెచ్చే పదార్థం. అంటే సగం శుభ్రత అసలు మురికికన్నా ప్రమాదం! ఆ చివరి మెట్టు దాటించేది డీహాలోకొకాయిడ్స్ అనే బ్యాక్టీరియా. కానీ అందులోనూ అన్ని రకాలకూ ఆ పని సమంగా చేతకాదు. ఆ పని చేయించే వీసీఆర్‌ఏ, బీవీసీఏ అనే జన్యువుల్లో ఏదైనా ఉందా అన్నదే అసలు ప్రశ్న. పైగా ఇలాంటి జన్యువులు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి చేరుతుంటాయి కూడా.

జన్యు పరీక్ష తిరుగులేనిదని మేమనడం లేదు. చచ్చిన కణాల డీఎన్‌ఏ కూడా మట్టిలో కొంతకాలం మిగిలి ఉంటుంది. పని జరుగుతోందా లేదా తెలియాలంటే, జన్యువు పనిలో ఉన్నప్పుడు తయారయ్యే ఆర్‌ఎన్‌ఏను చూడాలి. అది త్వరగా చెడిపోతుంది కాబట్టి, నమూనాను తీసిన చోటే గడ్డకట్టించాలి. ఆకులూ అలములూ కుళ్లి మట్టిలో చేరే హ్యూమిక్ ఆమ్లాలు పీసీఆర్‌కు అడ్డుతగిలి, ఉన్నదాన్ని లేనట్టు చూపించడమూ మామూలే. ‘ఏమీ దొరకలేదు’ అన్న ఫలితాన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాల్సిందే.

ఇదంతా ఖర్చని కాంట్రాక్టర్లు గొణగవచ్చు. బాగుపడని నేల మీద ఇళ్లు కట్టాక బయటపడే ఖర్చుతో పోలిస్తే ఇదెంత? నియంత్రణ సంస్థలు రసాయన పరీక్షతోపాటు డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ పరీక్షలనూ ఒప్పందంలోనే రాయించాలి. బ్యాక్టీరియా వదలని కొంత నేలను పక్కన ఉంచి, అక్కడా అవే పరీక్షలు చేయించాలి. ఆ రెండు చోట్ల ఫలితాల మధ్య తేడా కనపడనిదే చివరి బిల్లు చెల్లించకూడదు.