సవరణ: అండమాన్‌లో సాయంత్రం ఆరు గంటలంటే చీకటే

అండమాన్ ప్రయాణం గురించి మొన్న రాసినదాంట్లో మూడు తప్పులు దొర్లాయి.

ముఖ్యమైనది టైమ్. సూర్యాస్తమయం కోసం స్వరాజ్ ద్వీప్‌లోని (పాత పేరు హావ్‌లాక్) రాధానగర్ బీచ్‌కి "ఆరింటికల్లా చేరుకోండి" అన్నాను. డిసెంబరులో ఆరింటికి వెళ్తే మీకు కనిపించేది చీకటే. గడియారంలో మనదీ వాళ్లదీ ఒకే టైమ్, కానీ ఆ దీవులు మనకి బాగా తూర్పున ఉన్నాయి కాబట్టి చలికాలంలో అక్కడ ఐదింటికే సూర్యుడు దిగిపోతాడు. నాలుగు గంటలకే ఇసుకలో కూర్చోండి. ఆ లెక్కన కయాకింగ్, ట్రెక్కింగ్ లాంటివన్నీ పొద్దున్నే పెట్టుకోవాలి. ఐదున్నరకే వెలుగొచ్చేస్తుంది, బద్ధకిస్తే మీకే నష్టం.

రెండోది, నీళ్లలో మెరుపులు చూడ్డానికి రాత్రి కయాకింగ్ పున్నమికి బాగుంటుందని రాశాను. పూర్తిగా తలకిందులు! తెడ్డు కదిపినప్పుడు నీలంగా మెరిసేది సూక్ష్మజీవుల వెలుగు. వెన్నెల ఉంటే అది సరిగా ఆనదు. అమావాస్యకి దగ్గరి రాత్రులు చూసుకోండి. పున్నమి అంటే ఏదో అందంగా ఉంటుందని రాసేసినట్టున్నాను.

మూడోదాంట్లో మాత్రం ప్రమాదం ఉంది. చివరి రోజు పొద్దున స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్ తగిలించుకుని నీళ్ల అడుగుకి దిగడం) చేసి, సాయంత్రం విమానం ఎక్కొచ్చన్నాను. అలా చేయకండి. ఒక్క డైవ్ అయినా కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లు చేస్తే 18 గంటలు ఆగాలి. డైవ్‌లో ఒంట్లో చేరిన నైట్రోజన్, విమానం పైకెళ్లాక ఒంట్లోనే బుడగలు కడుతుంది. స్కూబాని ప్రయాణం మొదట్లోనే పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.